ఒకే ఫోన్‌లో మూడు కెమెరా యాప్‌లు: ఏది బాగా తీస్తుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

"జీక్యామ్ వేసుకో, ఫోటోలు అదిరిపోతాయి" అని, అంటే గూగుల్ కెమెరా యాప్ పెట్టుకోమని, సలహా ఫోన్లంటే ఇష్టమున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు అందే ఉంటుంది. విని వేసుకున్నవాళ్లలో కొందరు సంబరపడతారు, కొందరు రెండు రోజులు వాడి తీసేస్తారు. ఇద్దరి అనుభవమూ నిజమే కావచ్చు. యాప్ మారితే లెన్స్ మారదు, సెన్సర్ మారదు. సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని ఏం చేయాలన్న నిర్ణయాలు మాత్రం మారతాయి. ఒక్క ఫోటో కోసం వెంటవెంటనే ఎన్ని ఫ్రేములు (విడి ఫోటోలు) తీయాలి, వాటిని ఎలా కలపాలి, నీడల్ని ఎంత తేటపరచాలి, చీకటి చోట్ల చుక్కచుక్కలుగా పడే నాయిస్‌ని ఎంత తుడవాలి, అంచులకి ఎంత పదును పెట్టాలి, ఒంటి రంగుని ఎలా చూపించాలి, ఇవన్నీ యాప్ మీ తరఫున తీసుకునే నిర్ణయాలే. అవి మీ ఫోన్‌కీ మీరు తీసే ఫోటోలకీ సరిపోతాయో లేదో వేరే ఫోన్‌తో ఎవరో చేసిన వీడియో చూస్తే తెలియదు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కాస్త సమయం పెట్టుకుంటే మీరే తేల్చుకోవచ్చు.

నేను ఎక్కువగా ఆండ్రాయిడ్ గురించే చెబుతాను. ఐఫోన్ ఉన్నవాళ్లకి యాప్‌ల పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ముందుగా మూడు యాప్‌లు ఎంచుకోండి

మూడు చాలు. అంతకు మించితే ఫోటోలు గుట్టలుగా పేరుకుపోతాయి, చూసేటప్పటికి ఓపిక అయిపోతుంది.

మొదటిది ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్. దీన్ని తక్కువ అంచనా వేయకండి. ఆ సెన్సర్‌కి, చిప్‌లో ఉన్న ఇమేజ్ ప్రాసెసర్‌కి తగ్గట్టు కంపెనీ స్వయంగా ట్యూన్ చేసిన యాప్ ఇదే. అన్ని లెన్స్‌ల మధ్య సాఫీగా మారడం, షట్టర్ నొక్కిన క్షణంలోనే ఫోటో పడటం లాంటివి దీనికే పూర్తిగా అందుతాయి. బయటి యాప్‌లకి ఆ దారులన్నీ తెరిచిపెట్టే కంపెనీలు తక్కువ.

రెండోది జీక్యామ్ పోర్ట్. గూగుల్ తన పిక్సెల్ ఫోన్ల కోసం చేసిన కెమెరా యాప్‌ని, అంటే 2023 నుంచి పిక్సెల్ కెమెరా అని పిలుస్తున్న దాన్ని, వేరే ఫోన్లలో నడిచేలా ఔత్సాహికులు మార్చి ఇచ్చే రూపం ఇది. దీని బలమంతా హెచ్‌డీఆర్ ప్లస్ అనే పద్ధతిలో ఉంది. కావాలనే కాస్త చీకటిగా వరసపెట్టి చాలా ఫ్రేములు తీస్తుంది. మధ్యలో చెయ్యి కదిలిన మేరకు వాటిని సర్ది, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు కడుతుంది. చీకటిగా తీస్తుంది కాబట్టి ఆకాశం తెల్లగా కాలిపోదు. సగటు కడుతుంది కాబట్టి నీడల్లో నాయిస్ తగ్గుతుంది. ఫ్రేముల సంఖ్యకి వర్గమూలం ఎంతో నాయిస్ అన్ని వంతులు తగ్గుతుంది. 9 ఫ్రేములు సరిగ్గా కలిస్తే అది మూడో వంతుకి దిగుతుందన్నమాట. నెక్సస్ ఫోన్ల కాలంలో మొదలైన ఈ పద్ధతిని గూగుల్ 2018లో నైట్ సైట్ పేరుతో చీకటికి కూడా తీసుకెళ్లింది. ఇప్పుడు మిగతా కంపెనీలూ చాలావరకు ఇలాంటిదే చేస్తున్నాయి. అందుకే ఒకప్పుడు ఫోన్ యాప్‌కీ జీక్యామ్‌కీ మధ్య నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా కనిపించేది, కొత్త ఫోన్లలో అంత కనిపించదు. పాత ఫోన్లలో, తక్కువ ధర ఫోన్లలో మాత్రం ఇప్పటికీ ప్రయత్నించి చూడాల్సిందే.

మూడోది ఓపెన్ కెమెరా. ఉచితం, ప్రకటనలు లేవు, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. మామూలు మోడ్‌లో ఇది ఫోటో మీద పెద్దగా హంగులు చేయదు. అందుకే దీన్ని పోలికలో పెట్టమంటున్నాను. మీ సెన్సర్ అసలు ఏం ఇస్తోందో, మిగతా రెండు యాప్‌లు దానికి ఏం కలుపుతున్నాయో దీని పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. ఇన్‌స్టాల్ చేశాక సెట్టింగ్స్‌లో కెమెరా ఏపీఐ అన్న చోట కెమెరా2 ఏపీఐ ఎంచుకోండి, యాప్‌లు కెమెరాని పూర్తిగా వాడుకోవడానికి ఆండ్రాయిడ్ ఇచ్చే దారి అది. లేకపోతే రా ఫోటో (సెన్సర్ ఇచ్చింది దాదాపు అలాగే దాచే ఫైల్), నాయిస్ రిడక్షన్ మోడ్ లాంటివి కనిపించవు.

మీ ఫోన్ ఈ కెమెరా2 ఏపీఐకి ఎంతవరకు సహకరిస్తుందో తెలుసుకోవాలంటే కెమెరా2 ఏపీఐ ప్రోబ్ అనే చిన్న యాప్ ఉంది. అందులో ఒక్కో లెన్స్‌కీ లెగసీ, లిమిటెడ్, ఫుల్, లెవెల్ 3 అని స్థాయి చూపిస్తుంది. లెగసీ అని వస్తే జీక్యామ్ మీద ఆశ వదులుకోండి. ఫుల్ లేదా లెవెల్ 3 అయితే పోర్ట్ బాగా నడిచే అవకాశం ఎక్కువ.

ఒక జాగ్రత్త. జీక్యామ్ పోర్ట్‌లు ప్లే స్టోర్‌లో ఉండవు, ఏపీకే ఫైల్, అంటే యాప్‌ని నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైల్, దించుకోవాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకేని మాత్రం ముట్టుకోకండి. ఈమధ్య పెళ్లి పిలుపు పేరుతోనో, కరెంటు బిల్లు పేరుతోనో ఏపీకేలు పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. పోర్ట్ చేసినవాళ్లు ఎక్కడ విడుదల చేస్తున్నారో ఆ చోటు నుంచే దించుకోండి. కెమెరా, మైక్, స్టోరేజీ, లొకేషన్ తప్ప కాంటాక్టులు, మెసేజ్‌లు అడిగితే వెంటనే తీసేయండి. బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌లో ఈ రిస్క్ వద్దనుకుంటే జీక్యామ్ వదిలేసి మిగతా రెంటినే పోల్చండి, నష్టమేమీ లేదు.

శాంసంగ్ పెద్ద మోడళ్లు ఉన్నవాళ్లు ఆ కంపెనీదే అయిన ఎక్స్‌పర్ట్ రా యాప్ తీసుకోవచ్చు. ఐఫోన్ అయితే హాలైడ్ యాప్‌లో 2024లో వచ్చిన ప్రాసెస్ జీరో మోడ్, అడోబీ 2025లో విడుదల చేసిన ప్రాజెక్ట్ ఇండిగో చూడదగ్గవి. ఈ రెండూ ఎదురుబొదురు దారులు. ప్రాసెస్ జీరో ఒక్క ఫ్రేమ్ మాత్రమే తీసి దాదాపు అలాగే ఇస్తుంది. ఇండిగో 32 ఫ్రేముల దాకా కలుపుతుంది. పక్కపక్కన పెట్టి చూస్తే చాలా నేర్చుకోవచ్చు.

సోషల్ మీడియా యాప్‌ల లోపల ఉండే కెమెరాని ఈ పోలికలోకి తేకండి. అది వేగానికి చేసింది.

సెట్టింగ్స్ సమానం చేయండి

ఇది చేయకుండా పోల్చితే మీరు పోల్చేది సెట్టింగ్స్‌ని, యాప్‌ల్ని కాదు.

ముందు బ్యూటీ మోడ్ తీసేయండి. చాలా ఫోన్లలో అది ముందే ఆన్ చేసి ఉంటుంది, సెల్ఫీలో అయితే మరీను. ఏఐ సీన్ గుర్తింపు, ఫిల్టర్లు, వాటర్‌మార్క్ కూడా ఆఫ్ చేయండి. కొన్ని యాప్‌లలో వైబ్రంట్, నేచురల్ అని రంగుల శైలి రెండు రకాలుగా ఉంటుంది. నేచురల్ పెట్టండి. ఫోటో ఫార్మాట్ అన్నిటిలోనూ జేపెగ్ ఉంచండి.

రెజల్యూషన్ దగ్గర చాలామంది పొరబడతారు. 50 మెగాపిక్సెల్ అని డబ్బా మీద రాసిన ఫోన్ మామూలుగా పక్కపక్కన ఉన్న నాలుగు పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా లెక్కేసి 12.5 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. అలా కలపడం వల్లే చీకట్లో నాయిస్ తగ్గుతుంది. ఒక యాప్‌లో పూర్తి 50 పెట్టి, ఇంకో యాప్‌లో 12.5తో తీసి పక్కపక్కన చూస్తే అది న్యాయమైన పోలిక కాదు. అన్నిటినీ 12 చుట్టుపక్కలే ఉంచండి. ఓపెన్ కెమెరాలో రెజల్యూషన్ మీరే చూసి పెట్టాలి.

ఇంట్లో లైట్ల కింద తీసేటప్పుడు ఫోటోలో నల్లటి అడ్డ చారలు వస్తుంటే అది ప్రాసెసింగ్ లోపం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా ట్యూబులు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి. యాప్‌లో యాంటీ బ్యాండింగ్ అన్న చోట 50 హెర్ట్జ్ పెట్టండి, లేదా మాన్యువల్‌గా షట్టర్ (సెన్సర్ వెలుతురు పట్టే సమయం) 1/100 లేదా 1/50 సెకను ఉంచండి. అమెరికాలో ఉన్నవాళ్లకి 60 హెర్ట్జ్, అక్కడ 1/120 లేదా 1/60. పెళ్లి మండపాల్లో అలంకరణ ఎల్ఈడీలు వేరే లెక్కలో మిణుకుతాయి కాబట్టి అక్కడ ఈ చిట్కా ప్రతిసారీ పనిచేయదు.

చివరగా లెన్స్ తుడవండి. మెత్తటి నూలు గుడ్డ చాలు. జేబులో తిరిగే ఫోన్ లెన్స్ మీద వేలిముద్రల జిడ్డు ఉంటుంది, దానివల్ల లైట్ల చుట్టూ వచ్చే మసకని యాప్ మీదికి నెట్టకూడదు.

ఫోన్‌ని కదలకుండా నిలబెట్టండి

ట్రైపాడ్ ఉంటే సరే, లేకపోతే బల్ల మీద పుస్తకాల దొంతరకి ఆనించి నిలబెట్టండి. టైమర్ 3 సెకన్లు పెట్టండి. ఫ్రేమ్ కదలకుండా ఉంటేనే అదే ఆకు, అదే అక్షరం మూడు ఫోటోల్లోనూ అదే చోట దొరుకుతుంది.

రాత్రి ఫోటోలు మాత్రం స్టాండ్ మీద ఒకసారి, చేత్తో ఒకసారి తీయాలి. ఫోన్ కదలడం లేదని కనిపెడితే కొన్ని నైట్ మోడ్‌లు ఒక్కో ఫ్రేముకీ ఎక్కువ సమయం తీసుకుంటాయి. స్టాండ్ మీద అద్భుతంగా వచ్చిన యాప్ చేతిలో మామూలుగా తేలవచ్చు. మీరు రోజూ తీసేది చేత్తోనే కదా.

ఏమేం తీయాలి

మీరు నిజంగా తీసే వాటినే తీయండి. టెస్ట్ చార్టులు అక్కర్లేదు. నేను చెప్పే అయిదూ ఒక్కొక్కటి ఒక్కో బలహీనతని బయటపెడతాయి.

మొదటిది గుమ్మంలో మనిషి. పగటిపూట ఇంట్లోవాళ్లని గుమ్మం లోపల నిలబెట్టి, వెనక బయటి ఎండ పడేలా తీయండి. ముఖం కనిపించాలి, బయట ఎదురింటి గోడ రంగు, ఆకాశం కూడా మిగలాలి. రెండూ దక్కకపోతే ఏది వదులుకుందో చూడండి. ముఖం తేటగా తెచ్చి ఆకాశాన్ని తెల్లకాగితం చేసిందా, ఆకాశాన్ని కాపాడి ముఖాన్ని మసిబార్చిందా? మరీ అత్యాశకి పోయి రెంటినీ ఒకే వెలుతురుకి తెచ్చే యాప్‌లూ ఉన్నాయి. అప్పుడు మనిషిని ఎక్కడి నుంచో కత్తిరించి అతికించినట్టుంటుంది. నాకైతే ముఖం మీద కాస్త నీడ మిగిల్చిన యాపే నచ్చుతుంది, ఎదురు ఎండలో మనిషి కంటికి అలాగే కనిపిస్తాడు.

రెండోది పూలు, చీర. దీనిమీద ఎక్కువసేపు ఉండండి, మన ఇళ్లలో ఫోటోలు తీసే సందర్భాలన్నీ ముదురు రంగులతోనే నిండి ఉంటాయి. ఒక బంతిపూల దండ, పక్కన కుంకుమ భరిణె, కింద ఇక్కత్ చీర ఉంటే పోచంపల్లిదో పుట్టపాకదో పరవండి. కిటికీ వెలుతురులో తీయండి. ముందు బంతిపూవు మధ్యకి జూమ్ చేయండి. బంతిపూవులో రెక్క మీద రెక్క ఉంటుంది, ఒక్కో రెక్క అంచుకీ సన్నటి నీడ ఉంటుంది. రంగుల్ని ఎక్కువ చేసే యాప్‌లో ఆ నీడలు మాయమై పువ్వంతా ఒకే నారింజ ముద్ద అవుతుంది. ఫోటో మొత్తం మీద వెలుతురు సరిగ్గానే ఉన్నట్టుంటుంది గానీ ఎరుపు సమాచారం ఒక్కటి పరిమితి దాటి పోయి ఉంటుంది. కుంకుమలోనూ ఇదే చూడండి, పొడి రేణువులు కనిపించాలి.

తర్వాత చీర. ఇక్కత్‌లో నేతకి ముందే నూలుకి కట్లు కట్టి రంగు అద్దుతారు, అందువల్ల డిజైన్ అంచు గీత గీసినట్టు ఉండదు, ఒక రంగు పక్క రంగులోకి పోగు పోగుగా ఒరుసుకుంటూ వెళ్తుంది. ఆ చేనేతకి అందం అదే. షార్పెనింగ్, అంటే అంచులకి పదును పెట్టడం, ఎక్కువ చేసే యాప్ ఆ అంచుని రంపపు పళ్లలా గట్టిగా చేసేస్తుంది. నాయిస్ ఎక్కువ తుడిచే యాప్ పోగుల్ని కలిపేసి ప్రింట్ చీరలా చూపిస్తుంది. అంచు మెత్తగానే ఉండి, పోగులూ కనిపిస్తే ఆ యాప్ ప్రాసెసింగ్ బాగున్నట్టు. చీరలు అమ్మేవాళ్లు, ఆన్‌లైన్‌లో ఫోటోలు పెట్టేవాళ్లు ఈ ఒక్క పరీక్ష చేసుకున్నా చాలు. జరీ సన్నగా ఉన్నచోట అసలు లేని అలల్లాంటి రంగు చారలు పడుతున్నాయేమో కూడా చూడండి. పడితే కాస్త దూరం మార్చి మళ్లీ తీయండి.

మూడోది వేపచెట్టు. దూరం నుంచి, వెనక ఆకాశం ఉండేలా తీయండి. ఆకులు చిన్నవి, వేలల్లో ఉంటాయి. యాప్ వాటిని నాయిస్ అనుకుని తుడిచేస్తే నీడ ఉన్న కొమ్మల్లో పచ్చటి మరకలు మిగులుతాయి. కొమ్మకీ ఆకాశానికీ మధ్య సన్నటి తెల్ల గీత కనిపిస్తే షార్పెనింగ్ మితిమీరిందని అర్థం.

నాలుగోది రాత్రి వీధి. ఒక షాపు బోర్డు, ఒక వీధి దీపం, ఒక చీకటి గోడ ఒకే ఫ్రేములో రావాలి. బోర్డు మీద అక్షరాలు చదవగలగాలి, దీపం చుట్టూ కాంతి పరిమితంగా ఉండాలి, గోడ మీద ఎరుపు పచ్చ మచ్చలు ఉండకూడదు. ఆకాశం నల్లగానే ఉండాలి. రాత్రిని పట్టపగలు చేసి చూపించడం గొప్ప అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను, రాత్రి తీసిన ఫోటో రాత్రిలాగే ఉండాలి.

అయిదోది కదలిక. పిల్లలు ఆడుకుంటుంటే తీయడం అసలు పరీక్ష, కానీ వాళ్లు ప్రతిసారీ ఒకేలా కదలరు. అందుకని ముందు తక్కువ స్పీడులో తిరిగే సీలింగ్ ఫ్యాన్‌ని తీయండి. చాలా ఫ్రేములు కలిపే యాప్‌లో రెక్కలు ముక్కలుగా తెగినట్టో, ఒకే రెక్క రెండుసార్లు పడినట్టో కనిపిస్తే ఆ కలపడం సరిగ్గా జరగడం లేదు. ఆ తర్వాత పిల్లల్ని ఒక్కో యాప్‌తో పది ఫోటోలు తీసి ముఖం స్పష్టంగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ఇక్కడ ఫోన్ యాప్ గెలిచే అవకాశం ఎక్కువ. మీరు నొక్కకముందే అది ఫ్రేములు పట్టి ఉంచుకుంటుంది, నొక్కిన క్షణానిది తీసి ఇస్తుంది. బయటి యాప్ నొక్కాక మొదలుపెడితే అప్పటికి నవ్వు అయిపోయి ఉంటుంది.

తీసే వరస

ఒక యాప్‌తో అన్నీ తీసేసి, తర్వాత రెండోదానికి వెళ్లకండి. మబ్బు కమ్మినా, సాయంత్రం ఎండ తగ్గినా పోలిక చెడిపోతుంది. ప్రతి దృశ్యానికీ మూడు యాప్‌లూ వెంటవెంటనే, ఆ తర్వాత వెనక వరసలో మళ్లీ ఒకసారి తీయండి. మొదట తీసిన యాప్ చివరా తీస్తుంది కాబట్టి మధ్యలో వెలుతురు ఎంత మారిందో కూడా తెలిసిపోతుంది. ఫోకస్ ప్రతిసారీ అదే చోట, ఉదాహరణకి కంటి మీద, వేలితో తాకి పెట్టండి.

ఫోన్ వేడెక్కితే కాసేపు ఆపండి. వేడిలో ఫోన్ నెమ్మదిస్తుంది, సెన్సర్‌లో నాయిస్ కూడా పెరుగుతుంది.

ప్రతి దృశ్యానికీ రెండు విడతలు కావాలి. మొదటి విడతలో అంతా ఆటోకి వదిలేయండి, వెలుతురు ఎంత ఉండాలో యాప్ తీసుకునే నిర్ణయం కూడా పోలికలో భాగమే. రెండో విడతలో వెలుతురు పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ స్లైడర్‌తో మూడింటినీ దాదాపు ఒకే వెలుతురుకి తీసుకురండి. ఇది ఎందుకంటే, రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే కాస్త తేటగా ఉన్నదే బాగుందని మన కన్ను తొందరపడుతుంది. వెలుతురు సమానం చేశాక చాలాసార్లు తీర్పు తిరగబడుతుంది.

చూసే ముందు ఫోటో వివరాలు తెరవండి

గ్యాలరీలో ఫోటోని పైకి జరిపితే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం), షట్టర్, ఫోకల్ లెంగ్త్ (ఏ లెన్స్‌తో తీశారో చెప్పే అంకె) కనిపిస్తాయి. అసలు ఒకే లెన్స్‌తో తీశారా లేదా అన్నది ఇక్కడ తెలుస్తుంది. 2ఎక్స్ లేదా 3ఎక్స్ నొక్కినా, చీకటిగా ఉంటే చాలా ఫోన్ యాప్‌లు టెలిఫోటో లెన్స్ వదిలేసి మెయిన్ కెమెరా ఫోటోనే కత్తిరించి ఇస్తాయి. దగ్గరగా వెళ్తే చెప్పకుండా అల్ట్రావైడ్‌కి మారతాయి. ఫోకల్ లెంగ్త్ వేరుగా ఉంటే ఆ జతని పక్కన పెట్టేయండి.

ఒక యాప్ 1/15 సెకనుతో, ఇంకోటి 1/60తో తీసి ఉంటే మొదటిదాంట్లో నాయిస్ తక్కువగా ఉండటం సహజం. అది ప్రాసెసింగ్ గొప్పతనం అనుకోకండి, ఎక్కువ సమయం తీసుకుంది అంతే. అదే పిల్లల ఫోటోలో అలుక్కుపోతుంది.

ఎలా చూడాలి

తీసిన వెంటనే తెరిచి తీర్పు చెప్పకండి. చాలా యాప్‌లు ముందు ఒక తాత్కాలిక ఫోటో చూపించి, వెనకాల ప్రాసెసింగ్ ముగించి దాని స్థానంలో అసలుది పెడతాయి. కొన్ని సెకన్లు ఆగండి.

ఫోన్ స్క్రీన్ మీదే చూస్తే ఐ కంఫర్ట్ లాంటి, స్క్రీన్‌ని పసుపు చేసే సెట్టింగ్స్ ఆఫ్ చేసి, రంగులు నేచురల్‌లో పెట్టి, బ్రైట్‌నెస్ ఒకేచోట నిలపండి. వీలైతే కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించి చూడండి. వాట్సాప్‌లో పంపుకుని చూస్తే ఫోటో కుదించుకుపోతుంది, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపుకోండి.

కొత్త ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. 2023లో ఆండ్రాయిడ్ 14తో అల్ట్రా హెచ్‌డీఆర్ అనే రకం జేపెగ్ వచ్చింది. దానికి సహకరించే స్క్రీన్ మీద ఎండ, దీపాలు నిజంగా వెలిగినట్టు కనిపిస్తాయి, మామూలు స్క్రీన్ మీద సాధారణ ఫోటోలా కనిపిస్తాయి. ఒక యాప్ ఇలా సేవ్ చేసి, ఇంకోటి చేయకపోతే మీ ఫోన్‌లో మొదటిది ఊరికే గెలుస్తుంది. మీ ఫోటోలు చూసేవాళ్ల దగ్గర అలాంటి స్క్రీన్ లేకపోతే ఆ గెలుపుకి అర్థం లేదు. కంప్యూటర్ మామూలు మానిటర్ మీద చూస్తే ఈ చిక్కు ఉండదు.

ఇప్పుడు ఫోటోని 100 శాతానికి జూమ్ చేయండి, అంతకు మించి వద్దు. 400 శాతానికి పెంచి పిక్సెల్స్ లెక్కపెడితే ఏ యాపూ నచ్చదు. రెండు ఫోటోల్ని ఒకే చోట నిలిపి మార్చి మార్చి చూడండి.

ముఖం దగ్గర ఆగండి. నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే. కణతల దగ్గర జుట్టు విడివిడిగా కనిపిస్తుందా, లేక నుదురు దగ్గర చెరిపేసినట్టు అయిందా? పెద్దవాళ్ల ముఖం మీద ముడతలు ఉన్నాయా? బ్యూటీ ఆఫ్ చేసినా కొన్ని యాప్‌లు బుగ్గల్ని నున్నగా చేస్తాయి. అమ్మమ్మ ముఖంలోంచి ముడతలు తీసేస్తే అది అమ్మమ్మ ఫోటో ఎలా అవుతుంది? ఒంటి రంగు కూడా పక్కన మనిషిని నిలబెట్టుకునే చూడండి. చామనఛాయ మనిషిని రెండు మూడు ఛాయలు తెల్లగా చేసే యాప్ మిగతా అన్నిట్లో నెగ్గినా నేను పక్కన పెట్టేస్తాను. ముదురు ఒంటి రంగుల్ని కెమెరాలు సరిగ్గా చూపించడం లేదన్నది నిజమైన ఫిర్యాదే. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో రియల్ టోన్ అని పేరుపెట్టి మరీ దానిమీద పనిచేసింది. మీ యాప్ ఆ పని ఎంత బాగా చేస్తుందో మీ ఇంటివాళ్ల ముఖాలే చెబుతాయి. ఒకే ఫ్రేములో వేర్వేరు ఛాయల వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

ముఖం తర్వాత తెల్ల గోడ చూడండి. పసుపో నీలమో కలిసిందంటే వైట్ బ్యాలెన్స్ తప్పింది. మూలలు, నీడలు, అక్షరాలు కూడా ఒకసారి చూస్తే సరిపోతుంది.

తర్వాత ఇంట్లో ఒకరిని పిలిచి ఫైళ్ల పేర్లు క, ఖ, గ అని మార్చి, వరస కలిపేసి మీకు చూపించమనండి. ఏది ఏ యాప్‌దో తెలియకుండా మీరు ఎంచుకోండి. కష్టపడి ఇన్‌స్టాల్ చేసుకున్న యాప్ మీద మనకి తెలియకుండానే అభిమానం ఉంటుంది, దాన్ని పక్కకి తప్పించడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

రా ఫోటో ఎప్పుడు

ఓపెన్ కెమెరాలో జేపెగ్‌తో పాటు డీఎన్‌జీ కూడా సేవ్ చేయమని పెట్టవచ్చు. డీఎన్‌జీ అంటే సెన్సర్ ఇచ్చిన సమాచారం దాదాపు అలాగే. కుదించకుండా దాస్తే 12 మెగాపిక్సెల్ ఫోటో ఒక్కటే 24 మెగాబైట్ల దాకా ఉంటుంది. స్నాప్‌సీడ్‌లోనో లైట్‌రూమ్‌లోనో తెరవండి.

తెరవగానే నిరాశపడకండి. నాయిస్ ఎక్కువ, రంగులు చప్పగా, మూలలు కాస్త చీకటిగా ఉండవచ్చు. పోలికలో మిగతా రెండూ చాలా ఫ్రేములు కలిపి ఇచ్చినవి, ఇది ఒక్క ఫ్రేము. దీన్ని పోటీకి పెట్టకుండా సాక్ష్యంగా వాడుకోండి. బంతిపూవు రెక్కల నీడలు డీఎన్‌జీలో ఉండి ఫోన్ యాప్ జేపెగ్‌లో లేకపోతే తప్పు ప్రాసెసింగ్‌ది. డీఎన్‌జీలోనూ లేకపోతే ఎక్స్‌పోజరే ఎక్కువైంది, ఈసారి స్లైడర్ తగ్గించి తీస్తే ఏ యాప్‌తోనైనా బాగుపడుతుంది. వేపాకులు కూడా ఇలాగే, సెన్సర్‌కే అందని వివరాన్ని ఏ యాపూ నిజంగా తేలేదు.

ఎడిటింగ్ మీద ఆసక్తి లేకపోతే రోజువారీ ఫోటోలకి రా అక్కర్లేదు.

ఎలా తేల్చుకోవాలి

అన్నిట్లోనూ ఒకే యాప్ గెలవడం అరుదు. మీరు ఎక్కువగా ఏం తీస్తారో దానికే ఎక్కువ విలువ ఇవ్వండి. పిల్లల ఫోటోలు తీసేవాళ్లకి అయిదో పరీక్షే ముఖ్యం, అందులో ఓడిన యాప్ రాత్రి వీధిలో ఎంత బాగా తీసినా ఉపయోగం లేదు.

ఒక చివరి పరీక్ష ఉంది. ఎంచుకున్న ఫోటోల్ని మామూలుగా వాట్సాప్‌లో ఇంకో ఫోన్‌కి పంపి అక్కడ చూడండి. మీరు 100 శాతం జూమ్‌లో పట్టుకున్న తేడాల్లో చాలావరకు అక్కడ మాయమవుతాయి. రంగు, ముఖం మీద వెలుతురు, ఆకాశం మాత్రం మిగులుతాయి. మీ ఫోటోలన్నీ అలాగే వెళ్తాయనుకుంటే వేగంగా తెరుచుకునే ఫోన్ యాప్‌తోనే ఉండిపోండి. ప్రింట్ వేయించేవాళ్ల లెక్క వేరు. 4×6 అంగుళాల ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 1200×1800 పిక్సెల్స్, అంటే 2 మెగాపిక్సెల్స్ పైచిలుకు చాలు. 12×18 ఆల్బమ్ పేజీకి అదే లెక్కన 19 మెగాపిక్సెల్స్ దాటుతుంది, అక్కడ ఆకులూ పోగులూ నిజంగానే కనిపిస్తాయి. అలాంటివాళ్లు మంచి వెలుతురులో 50 మెగాపిక్సెల్ మోడ్‌ని కూడా విడిగా ఒకసారి పరీక్షించుకోవాలి.

రెండు యాప్‌లు ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే ఫోన్ యాప్ తెరుచుకునేలా ఉంచి, హోమ్ స్క్రీన్ మీద రెండోది పెట్టుకోండి, ఏది ఎప్పుడు వాడాలో కొద్ది రోజుల్లోనే చేతికి అలవాటవుతుంది.

ఈ పరీక్ష ఫోటోల అసలు ఫైళ్లని ఒక ఫోల్డర్‌లో యాప్ పేరు, వెర్షన్, తేదీతో దాచుకోండి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు కెమెరా ప్రాసెసింగ్ కూడా మారిపోవచ్చు, కొన్నిసార్లు మంచికి, కొన్నిసార్లు చెడుకి. అప్పుడు అయిదూ మళ్లీ తీయనక్కర్లేదు. గుమ్మంలో మనిషి, పూలు చీర, ఈ రెండూ తీసి పాతవాటి పక్కన పెట్టి చూస్తే మారిందో లేదో తెలిసిపోతుంది.